కుల్సుం చూడని తాళంచెవి

నా షాపు మెట్ల మీద కుల్సుం కూర్చోవడం నాకు ఇష్టం లేదు. ఈ సంగతి ఆమెకు తెలుసు, నరసరావుపేట పల్నాడు రోడ్డులో సగం మందికి తెలుసు. నాది హార్డ్‌వేర్ షాపు. దానికి మూడు మెట్లు. అందులో కింది మెట్టు నాది కాదని ఆమె వాదన. అది కాలవ మీద మునిసిపాలిటీ వాళ్లు వేసిన బండ అట, దాన్ని మెట్టు కింద వాడుకుంటున్నది నేనట. ఈ వాదన మొదలయ్యేనాటికి నా తలంతా నల్లగా ఉండేది. ఇంకా తెగలేదు.

ఆ బండ మీద ఒక పెద్ద గొడుగు, గొడుగు కింద ఇనప పెట్టె, పెట్టె పక్కన తాళంచెవి కదలకుండా పట్టడానికి చెక్కకు బిగించిన వైసు. తీగకు గుచ్చిన తాళంచెవుల గుత్తులు గొడుగు ఊచలకు వేలాడుతుంటాయి. వాటి వెనక కుల్సుం. బొద్దుగా ఉంటుంది, ముక్కు చివరికి జారిన కళ్లద్దాలు పెట్టుకుంటుంది, గొంతు మాత్రం రోడ్డు అవతల టీ కొట్టు దాకా వినపడుతుంది. నా షాపులోకి ఎవరు రావాలన్నా ముందు ఆమెను దాటాలి. దాటేవాళ్లను ఆమె ఊరికే పోనివ్వదు. “ఏందన్నా, కొత్త తాళం కొంటానికి పోతన్నావా? పాతది ఇటియ్యి, బాగుచేసి ఇస్తా” అంటుంది. తాళాలు అమ్ముకునేవాడి గుమ్మంలో కూర్చుని అనాల్సిన మాటేనా అది? ఇలాంటి మనిషిని ఎదురుగా పెట్టుకుని వ్యాపారం చేస్తున్నవాడు ఈ జిల్లాలో ఇంకొకడుంటే నాకు చూపించండి, వాడికి దండ వేస్తాను.

మరి ఆమె గురించి ఎందుకు రాస్తున్నట్టు? కోపం కోపమే, మెప్పు మెప్పే. మెచ్చుకోవాల్సిన మనిషి రోజూ కళ్లెదుట కూర్చుని ఉంటే చూడనట్టు ఊరుకోవడం నా వల్ల కాదు. పైగా ఆమె గురించి తెలిసినట్టు మాట్లాడేవాళ్లు ఎక్కువై, అసలు సంగతి తెలిసినవాళ్లు తక్కువయ్యారు. “ఆడమనిషై ఉండి తాళాలు చేస్తుందండీ” అని వింతగా చెప్పుకుని వెళ్లిపోతారు. అందులో వింతేముంది? చేతులున్నాయి, చేస్తుంది. ఆమెలో చెప్పుకోవాల్సింది అది కాదు.

కుల్సుం తండ్రి హబీబుల్లా ఇదే పని చేసేవాడు. గురజాల నుంచి ఇనప పెట్టె ఒకటి భుజాన వేసుకుని పేటకు వచ్చాడు. అప్పుడు ఈ షాపు మా నాన్నది. ఎండకు నీడ అడిగితే కూర్చోమన్నాడట. హబీబుల్లా మెతక మనిషి. మాట్లాడితే గొంతు పెగిలేది కాదు. పెద్ద కూతురు కుల్సుం మధ్యాహ్నం అన్నం క్యారేజీ తెచ్చేది. తెచ్చిన పిల్ల తిరిగి ఇంటికి వెళ్లేది కాదు. ఇదేంది, అదెందుకు, ఇట్టా ఎందుకు తిరిగిద్ది అని ప్రాణం తీసేది. ప్రశ్నలు తట్టుకోలేక ఆయన పిల్ల చేతికి ఆకురాయి ఇచ్చాడని నా అనుమానం. పెళ్లయింది, మొగుడు లారీ బాడీలు కట్టే షెడ్డులో పనికి కుదిరాడు, ఈమె బండ దిగలేదు. కూతురు హుమేరా పుట్టిన కొత్తలో పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని ఆకురాయితో తాళంచెవులు రాకేది. ఆ చప్పుడుకు పిల్ల నిద్రపోయేది, ఆపితే లేచి ఏడ్చేది. ఆ హుమేరా ఇప్పుడు మందుల షాపు నడుపుతోంది. తల్లిని ఇంట్లో కూర్చోమని పోరుతుంది. కుల్సుం వినదు.

ఇక కారు సంగతి చెప్తాను. పోయిన వేసవిలో, పెళ్లిళ్ల ముమ్మరంలో జరిగింది.

ఒక పొద్దున నా షాపు ముందు తెల్ల అంబాసిడర్ ఆగింది. నికార్సయిన పాత బండి, రంగు చెదరలేదు. ఒకప్పుడు ఆఫీసర్లు తిరిగితే జనం పక్కకు తప్పుకున్న బండి, ఇప్పుడు ఫొటోలు తీసే పిల్లలు దాన్ని వింటేజ్ అంటున్నారు. నేనూ ఇంచుమించు దాని ఈడువాణ్ణే. నన్నెవరూ ఆ మాట అనలేదు. డ్రైవరు సీట్లోంచి నలభై ఏళ్ల ఆవిడ దిగింది. పేరు శివపార్వతి, ప్రకాష్‌నగర్‌లో ఉంటారు. ఆమె భర్త అమర్నాథ్ నాకు తెలుసు. ఈ కారునే పెళ్లి ఊరేగింపులకు తిప్పేవాడు. రెండేళ్ల కిందట గుండెపోటుతో పోయాడు.

“బాబాయ్, కారు డోర్లకి కొత్త తాళాలు కావాలి. మీ దగ్గర దొరుకుతయ్యా?” అంది.

నా దగ్గర గేట్లకు, బీరువాలకు, షట్టర్లకు ఉంటాయి. అంబాసిడర్ తలుపులకు ఎక్కడినుంచి తెస్తాను? ఆ కారే రావడం మానేసింది. స్పేర్ పార్టుల షాపుల్లో ఎవరో చేసిన నకిలీ తాళాలు దొరుకుతాయి గానీ, ఒక పెట్టెలో ఉన్న అన్నింటికీ ఒకటే తాళంచెవి పడుతుంది. ఆ మాటే చెప్పాను. కింది బండ మీదనుంచి కుల్సుం కళ్లద్దాల పైనుంచి చూసింది.

“కొత్తవి ఎందుకమ్మాయ్? ఉన్నవాటికి లోపల మారిస్తే పాత తాళంచెవి పట్టదు. ముందు నీ ఆర్సీ చూపించు.”

ఆర్సీ చూడందే కుల్సుం ఏ బండి మీదా చెయ్యి వెయ్యదు. బండి తెచ్చింది ఎమ్మెల్యే అయినా అంతే. శివపార్వతి చూపించింది. భర్త పోయాక కారు తన పేరు మీదకే మార్పించుకుంది. కుల్సుం పేరు చదివి, మొహం చూసి, తిరిగి ఇచ్చేసి, నెమ్మదిగా అడగాల్సిన మాటను రోడ్డంతా వినేట్టు అడిగింది.

“ఎవరితో గొడవ?”

శివపార్వతి అటూ ఇటూ చూసింది. తర్వాత అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయి చెప్పింది.

అమర్నాథ్ తమ్ముడు సుధీర్ బాబు పత్తి వ్యాపారి. కొత్త కారు ఉంది, డబ్బుంది, లేనిది ఏమీ లేదు. అయినా అన్న బండి అంటే ఆయనకు సరదా. అన్న బతికుండగా ఇచ్చిన తాళంచెవి ఒకటి ఆయన దగ్గర ఉండిపోయింది. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వచ్చి, వాకిట్లో ఉన్న కారు తీసుకుని వెళ్లిపోతాడు. చెప్పడు. అడగడు. స్నేహితులను ఎక్కించుకుని మాచర్ల దాకా తిరిగి, సీట్ల నిండా బిర్యానీ మరకలతో తెచ్చి పడేస్తాడు. శివపార్వతికి ఆ కారే బతుకు. భర్త పోయాక కోటప్పకొండ రోడ్డులో తనంతట తాను డ్రైవింగ్ నేర్చుకుంది. పెళ్లికి ముందు తీసే ఫొటోలకు, పెళ్లికొడుకుల ఊరేగింపులకు తనే నడుపుకుని వెళ్తోంది. కృష్ణచైతన్య అనే ఫొటోగ్రాఫర్ కుర్రాడు ఎక్కువ పిలుపులు ఇప్పిస్తాడు.

“పోయిన నెల ఎడ్లపాడులో పెళ్లక్కా. బ్యాండు వాళ్లు వాయిస్తానే ఉండారు, పెళ్లికొడుకు రడీ అయి కూర్చున్నాడు. నేను స్నానం చేసి బయటికొస్తే వాకిట్లో బండి లేదు. ఆయన ఎత్తిపోతల పోయాడంట, చుట్టాలకి జలపాతం చూపించటానికి! పెళ్లికొడుకుని ట్రాక్టరు మీద ఊరేగిచ్చారు. ఇంకొక్కసారి ఇట్టా అయితే గుంటూరు నుంచి బండి తెప్పిచ్చుకుంటానని చైతన్య చెప్పేశాడు. ఆ పిలుపులు పోతే నాకింకేం లేదక్కా.”

“మరిదికి చెప్పలా?” అన్నాను నేను.

“చెప్పా బాబాయ్. ‘నాకు తెలియని బండా వదినా’ అని నవ్వుతాడు. తాళంచెవి ఇవ్వమంటే అదీ నవ్వే. మా అత్తోళ్ల తరపు పెద్దాళ్లు, కారు కోసం మగదిక్కుని దూరం చేసుకుంటావా అంటారు.”

నాకు ఒళ్లు మండింది. ఆ మగదిక్కును పిలిచి నాలుగు దులపాలనిపించింది. ఇంజను స్టార్ట్ చేసే స్విచ్చి ఆవిడ అప్పటికే మార్పించుకుంది. కానీ ఆ పాత బండి తలుపు తెరుచుకుంటే చాలు, కింద రెండు వైర్లు కలిపి తీసుకుపోవచ్చు. సుధీర్ బాబు అదీ చేశాడట. కాబట్టి ఆపాలంటే తలుపు దగ్గరే ఆపాలి.

“అద్దం పగలగొట్టి తీస్తే?” అన్నాను.

“పగలగొట్టడన్నా” అంది కుల్సుం. “అద్దం పగలగొడితే దొంగతనం. తాళంచెవితో తీస్తే చుట్టరికం. ఆయన ధైర్యమంతా ఆ తాళంచెవిలోనే ఉంది.”

ఆ మాట నాకు తట్టనందుకు కొంచెం కుళ్లుకున్నాను.

కుల్సుం తలుపు లోపలి అట్ట విప్పింది. చెయ్యి లోపలికి పోనిచ్చి, తడిమి, ఒక క్లిప్పు లాగి, తాళాన్ని బయటికి తీసింది. వేలెడంత ఇత్తడి ముక్క. దాని లోపల పలచటి చిన్న చిన్న ఇత్తడి పలకలు వరసగా ఉంటాయి, ఒక్కోదాని కింద వెంట్రుకంత స్ప్రింగు. తాళంచెవి పళ్లు ఆ పలకలన్నింటినీ ఒకే ఎత్తుకు తెస్తేనే తాళం తిరుగుతుంది. పలకల వరస మారిస్తే పాత తాళంచెవి చెల్లదు. చెప్పుకోవడానికి ఇంతే పని.

తీరా చూస్తే పలకలు కనిపిస్తే కదా! లోపలంతా పసుపుపచ్చటి ముద్ద గట్టిపడి ఉంది. కుల్సుం సూదితో గీకి చూసి నా వైపు తిరిగింది, ఆ పాపమంతా నాదే అన్నట్టు. ఏటా దసరాకు అమర్నాథ్ కారుకు పూజ చేసేవాడు. మా వైపు ఇనుము కనిపిస్తే పసుపు రాయకుండా ఉండం. బోరు మోటారుకు రాస్తాం, కాటాకు రాస్తాం, నా షాపులో పైపులు కోసే మిషనుకూ రాస్తాను. అమర్నాథ్ భక్తి ఎక్కువై తాళం రంధ్రంలోకి కూడా పసుపూ కుంకుమా నూనెతో కలిపి దట్టించాడు.

“దేవుడికి బొట్టు నుదుటి మీద పెడతారు గదన్నా, నోట్లో కుక్కరు గదా! తాళానికి మాత్రం నోట్లో ఎందుకు కుక్కుతారు?” అంది కుల్సుం.

మరుసటి దసరాకు నా మిషను విషయంలో జాగ్రత్తపడ్డాను.

అసలు సంగతి ఏమిటంటే, ఆ ముద్దలో పలకలన్నీ కిందికి అతుక్కుపోయాయి, ఏది పెట్టి తిప్పినా అడ్డు పడేది లేదు. కుల్సుం నా టీ గ్లాసులో చెంచా తీసుకుని, రెండో తలుపు తాళంలో దాని కాడ పెట్టి తిప్పింది. తెరుచుకుంది. ఇన్నాళ్లూ ఆ కారుకు తాళం ఉన్నా లేనట్టే. శివపార్వతి మొహం వాడిపోయింది. మరిది ఒక్కడే కాదు, దారిన పోయే ఎవరైనా తన బతుకుతెరువును తోలుకుపోయేవాడే కదా అని ఆమెకు అప్పుడు తెలిసింది.

కుల్సుం తాళాలను పెట్రోలులో నానబెట్టి కడిగింది. స్ప్రింగులు కొత్తవి వేసింది. గంటల తరబడి ఒంచిన తల ఎత్తలేదు, నాతో పోట్లాడలేదు. అప్పుడామెను చూస్తే నాకు చాలా గౌరవం వేస్తుంది. నేను ఆ మాట ఎప్పుడూ ఆమెతో అనలేదు, అంటే ఇంకో మెట్టు ఆక్రమిస్తుంది.

మధ్యాహ్నం దాటాక, రకరకాల ఎత్తులున్న పలకల డబ్బా ఒకటి, పళ్లు కొయ్యని కొత్త తాళంచెవి ఒకటి, ఒక ఆకురాయి తీసి శివపార్వతి ముందు పెట్టింది.

“ఇంకనుంచి పని నీది” అంది.

“నాదేందక్కా? నాకేం తెలుసు?”

“చెప్తా. ఈ పలకల్లో నీకు ఇష్టమొచ్చినవి ఏరుకో. ఇష్టమొచ్చిన వరసలో పెట్టు. తాళంచెవి లోపల పెడితే కొన్ని పలకలు పైకి పొడుచుకొస్తయ్. అవి పొడుచుకొచ్చిన చోట తాళంచెవిని ఆకురాయితో రాకు. పలకలన్నీ సాపుగా దిగేదాకా రాకు. అంతే. నేను చూడను.”

అని లేచి, మధ్య మెట్టు మీద నా షాపు వైపు మొహం పెట్టి కూర్చుంది. రోడ్డు వైపు వీపు. కౌంటరు వెనక నేను, నా ఎదురుగా ఆమె. నేను ఆమె భుజం మీదుగా చూడబోయాను.

“అన్నా, నువ్వు కూడా చూడబాక. లోపలికి తిరుగు.”

నా షాపులో, నా కుర్చీలో, నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. రంగు డబ్బాలు చూస్తూ.

వెనక ఆకురాయి చప్పుడు మొదలైంది. గీరుకుంటూ, ఆగుతూ, భయం భయంగా. కుల్సుం తల తిప్పకుండానే చెప్పేది. “గట్టిగా అదమబాక. ముందుకే తొయ్యి, వెనక్కొచ్చేటప్పుడు పైకెత్తు... అదిగో, చప్పుడు సన్నబడింది. ఇప్పుడు ఆగి పెట్టి చూడు.” కాసేపటికి శివపార్వతి గొంతు ఏడుపులోకి దిగింది. “ఎక్కువ రాకానక్కా. లోతుగా పోయింది.” కుల్సుం చెయ్యి వెనక్కి చాపి ఇంకో తాళంచెవి ఇచ్చింది. “అది కాలవలో పారేయ్. నాకు చూపించబాక. మళ్లీ మొదలుపెట్టు.”

నేను గోడకు చెప్పినట్టు అన్నాను, “నువ్వు చేస్తే అరగంట పని. ఆమెనెందుకు ఏడిపిస్తావు?”

కుల్సుం వాళ్ల నాన్న సంగతి చెప్పింది. నేను అంతకుముందు విన్నదే, అయినా ఆ రోజు విన్నట్టు ఎప్పుడూ వినలేదు.

హబీబుల్లా గురజాలలో ఉండగా ఒక పెద్దింటి ఆవిడ బీరువా తాళం మార్పించుకుంది. ఆమె మొగుడు పేకాటకు ఆమె నగలు ఒకటొకటే పట్టుకుపోతున్నాడు. హబీబుల్లా తాళం మార్చి ఇచ్చాడు. వారం తిరక్కుండా మొగుడు మనుషులతో వచ్చాడు. నువ్వు చేసిన తాళంచెవి ఇంకోటి చేసివ్వు అన్నాడు. ఈయన ఒప్పుకోలేదు. తీసుకెళ్లి మిల్లు ఆవరణలో ఎండలో కూర్చోబెట్టారు. కొట్టారు కూడా. పొద్దు వాలేసరికి హబీబుల్లా తాళంచెవి రాకి ఇచ్చేశాడు. చేసిన చెయ్యి కదా, ఆ లెక్క వేళ్లలోనే ఉంది. ఆవిడ నగలు పోయాయి. తర్వాత ఒకరోజు బజార్లో ఆవిడ ఎదురుపడింది. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఊరికే చూసి వెళ్లిపోయింది.

“మా నాన్న ఆ ఊరి నుంచి దెబ్బలకి పోలేదన్నా. ఆ చూపుకి పోయాడు” అంది కుల్సుం. “మా నాన్న పిరికోడని అనుకునేదాన్ని చిన్నప్పుడు. తర్వాత్తర్వాత అర్థమైంది. ఎండలో కూర్చోబెడితే నేనూ చెప్తా. పిల్లని ఎత్తుకుపోతామంటే నువ్వూ చెప్తావు. తెలిసినదాన్ని కక్కిచ్చేవాడు ఎవడో ఒకడు వస్తాడు. అందుకని తెలుసుకోకుండా ఉంటం నేర్చుకున్నా.”

ఈ పద్ధతి ఆమెకు ఎవరూ నేర్పలేదు. తండ్రి బాధను చూసి తనే కనిపెట్టుకుంది. ఇంట్లోవాళ్లతోనే తగువున్న ఆడవాళ్లు ఎవరు తాళం మార్పించుకోవడానికి వచ్చినా, చివరి పని వాళ్ల చేతే చేయిస్తుంది. తనకు చేతనైన పనిని, తన పేరు నిలబెట్టే పనిని, వేరేవాళ్లకు వదిలేసి అటు తిరిగి కూర్చోవడం తేలికనుకుంటున్నారా? నేనైతే చచ్చినా కూర్చోలేను. చేతకానివాళ్లు పని చెడగొడుతుంటే చూడలేక లాక్కుని చేసేస్తాను. కుల్సుం లాక్కోదు. నేను ఆమెను మెచ్చుకునేది ఇందుకే.

సాయంత్రం కావస్తుండగా శివపార్వతి కేక పెట్టింది. “దిగినయ్యక్కా! అన్నీ దిగినయ్!” అదే తాళంచెవికి సరిపడే పలకలు ఏరి రెండో తలుపుకు, డిక్కీకి కూడా తనే వేసుకుంది. తాళంచెవి లోపల ఉండగానే, దాని తల తప్ప ఇంకేమీ కనపడకుండా, కుల్సుం తాళాలను తలుపుల్లో బిగించింది. శివపార్వతి డ్రైవరు తలుపు వేసింది, తీసింది, మళ్లీ వేసింది. ముక్కు మీద ఇత్తడి పొడి, అరచేతిలో బొబ్బ. ఆ మనిషిని అంత సంతోషంగా అప్పుడే చూశాను.

“ఇంకోటి కావాలంటే వేరే ఊళ్లో చేయించుకో. నాకు మాత్రం చూపించబాక” అని కుల్సుం పెట్టె సర్దుకుంది.

ఆ వారంలోనే సుధీర్ బాబు నా షాపు మెట్ల దగ్గరికి వచ్చాడు. అంతకుముందే వదిన వాకిట్లో పాత తాళంచెవి పెట్టి తిప్పితే వంకరపోయింది తప్ప తలుపు రాలేదు. ఊళ్లో ఇలాంటి పని ఎవరు చేస్తారో అడగక్కర్లేదు కదా. తెల్ల చొక్కా, చేతిలో ఆ వంకర తాళంచెవి. మొదట మంచిగానే మాట్లాడాడు.

“మా వదిన కారుకి తాళం మార్చావంటగా. మంచి పని చేశావు. నాకూ ఒక తాళంచెవి చేసివ్వమ్మా. ఇంట్లోవాళ్లమే.”

“నాకు తెలియదు” అంది కుల్సుం.

“నువ్వు చేసింది నీకు తెలియకపోవటమేంది?”

“నేను చెయ్యలా. ఆమె చేసుకుంది.”

“ఆడమనిషి కారు తాళం చేసుకుందా?”

“నేనేంది మరి, మగాణ్ణా?”

టీ కొట్టు దగ్గర ఎవరో నవ్వారు. సుధీర్ బాబుకు ఆ నవ్వు తగిలింది. మర్నాడు సాయంత్రం స్నేహితుడి కొడుకు ఊరేగింపుకు అన్న బండి తెస్తానని నలుగురిలో మాటిచ్చాడట. గొంతు పెంచాడు. పోలీసులన్నాడు, మునిసిపాలిటీ అన్నాడు, బండ మీద నుంచి గొడుగు పీకిస్తానన్నాడు. చివరికి, “ఏమే, మర్యాదగా చేసిస్తావా లేదా?” అన్నాడు.

నేను కౌంటరు దాటి బయటికి వచ్చేశాను. “సుధీర్ బాబూ, ఈమెను తిట్టే హక్కు ఈ రోడ్డులో నాకొక్కడికే ఉంది. అది కూడా ‘ఏమే’ అని నేను ఏనాడూ అనలేదు. మాట సరిచేసుకో” అన్నాను.

“నువ్వుండు బాబాయ్. నా బిల్డింగు సామానంతా నీ దగ్గరే కొంటున్నా. ఈమెను లేపెయ్ ముందు.”

“నా మాట వినే మనిషైతే ఎప్పుడో లేచిపోయేది. సామాను వేరేచోట కొనుక్కో.”

కుల్సుం ఆకురాయిని పెట్టెలో పెట్టబోయి బయట జారవిడిచింది. ఎంత నోరున్నా ఆమెకూ భయం ఉంటుంది, నేను చూశాను. కానీ కళ్లద్దాలు పైకి తోసుకుని ఆయన కళ్లలోకే చూస్తూ అంది.

“ఏం చేస్తావయ్యా? ఎండలో కూర్చోబెడతావా? నేను రోజూ కూర్చునేది ఎండలోనే. కొడతావా? కొట్టు. తెలిస్తే గదా చెప్పటానికి! నా దగ్గర లేనిదాన్ని నువ్వెట్టా లాక్కుంటావు?”

ఎవరినైనా బెదిరిస్తే ఏదో ఒకటి రాలుతుందని సుధీర్ బాబు నమ్మకం. ఇక్కడ రాలడానికి ఏమీ లేదు. కుల్సుం ఆయన ఎదురుగానే ఫోను తీసింది.

“అమ్మాయ్, నీ మరిది వచ్చాడు. తాళంచెవి కావాలంటన్నాడు. నాకు తెలియదని చెప్పా. తెలిసినదానివి నువ్వే, వచ్చి చెప్పు.”

“ఎందుకు పిలిచావు? నలుగురిలో అడిగితే ఆ పిల్ల ఇచ్చేస్తుంది!” అన్నాను చెవిలో.

“ఇస్తే ఇచ్చుద్ది. బండి ఆమెది. అది కూడా నేను చెప్పేదానా?” అంది.

అంబాసిడర్ వచ్చి ఆగింది. శివపార్వతి దిగి, తలుపు వేసి, తాళం వేసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. చుట్టూ జనం చేరారు, అందులో వాళ్ల బంధువులు కూడా ఒకరిద్దరు ఉన్నారు.

“ఏంది వదినా, రోడ్డు మీద ఈ పంచాయితీ? మన ఇంటి బండికి నాకు తెలియకుండా తాళాలు మారుస్తావా?” అని సుధీర్ బాబు చెయ్యి చాపాడు. “రేపు సాయంత్రం నాకు పనుంది. తాళంచెవి ఇటియ్యి.”

ఆమె గుప్పిట్లో తాళంచెవి ఉంది. గుప్పిట విప్పింది. బొబ్బ మానిన మచ్చ మీద ఆ ఇత్తడి ముక్క, గీతలు గీతలుగా, అందం లేకుండా ఉంది. ఆమె దాన్ని చూసుకుంది. కుల్సుం అది తన కంట పడకుండా చప్పున నా షాపు వైపు మొహం తిప్పేసుకుంది.

శివపార్వతి గుప్పిట మూసింది.

“రేపు ఖాళీ లేదు సుధీర్. చిలకలూరిపేటలో పెళ్లి. ఎల్లుండి ఖాళీయే. ఎక్కడికో చెప్పు, నేను నడుపుతా.”

పెద్దగా అనలేదు. గొంతులో కోపం కూడా లేదు. సుధీర్ బాబు చెయ్యి కాసేపు అలాగే ఉండి, తర్వాత జేబులోకి వెళ్లింది. ఆయన జనాన్ని చూశాడు, కారును చూశాడు. ఇక నవ్వుతాడు, నవ్వి తీసిపారేస్తాడు అనుకున్నాను. నవ్వలేదు.

“ఎల్లుండి పొద్దున... వీలయిద్దా వదినా?” అన్నాడు.

కుల్సుం తల వంచుకుని పైటకొంగుతో కళ్లు తుడుచుకుంది. వాకిట్లో ఉన్న బండిని ఇన్నాళ్లూ అడగకుండా తీసుకుపోయిన మనిషి, అందరి ముందూ నిలబడి అడిగాడు.

శివపార్వతి గుప్పిట్లోని తాళంచెవితో కారు తలుపు తీసింది.

“చూసి ఫోన్ చేస్తాలే” అంది.